నాగావళిలో మా మడుగు బాగుచేసుకోడానికి ప్రభుత్వ డబ్బు ఏ పద్దు కింద అడగాలి?

ఏటిఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది నారాయణపురం ఆనకట్టకి దిగువన నాగావళి ఒడ్డునున్న ఊరు. మా చేపల సొసైటీలో కాయితం మీద 38 మందిమి ఉన్నాం, అందులో సగం మంది ఇప్పుడు వల పట్టడం లేదు, చెన్నై అనీ వైజాగ్ అనీ పనులకి వెళ్లిపోయారు. నేను డిగ్రీ చదివానని అర్జీలు రాసే పని నాకు అప్పగించారు. రెండు నెలలుగా తిరుగుతున్నాను, దారి దొరక్క ఇక్కడ అడుగుతున్నాను.

మా శివాలయం వెనకాల ఏటిలో ఒక మడుగు ఉండేది. రోహిణి కార్తెలో ఏరంతా ఇసుక తేలిపోయినా అక్కడ మాత్రం నిలువెత్తు నీళ్లుండేవి. ఎండాకాలం రెండు నెలలూ ఆ మడుగులో వల వెయ్యకూడదని ఊరి కట్టుబాటు, వేస్తే తప్పు కట్టాలి. ఎందుకంటే అక్కడ తలదాచుకున్న చేపే తొలకరి కొత్తనీటికి ఎదురెక్కి గెడ్డల్లోకి, అంటే చిన్న వాగుల్లోకి, పొలాల్లోకి పోయి గుడ్లు పెట్టేది. వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, మలుగు, పరిగె, నీలకంఠ రొయ్య అన్నీ ఉండేవి. మా నాన్న భుజాన వేసుకుని వస్తుంటే తోక ఆయన మోకాలికి తగిలేంత వాలుగని నేనే చూశాను, అప్పుడు నాకు పదేళ్లు ఉంటాయి.

ఇప్పుడు మడుగు లేదు. ఎగువన, దిగువన ఇసుక తీసేకొద్దీ ఒడ్డు జారి అది పూడిపోయింది. ఏటి నడుమ యంత్రాలు తవ్విన గోతులు మాత్రం ఉన్నాయి, చూసేవాళ్లకి నీళ్లున్నాయి కదా అనిపిస్తుంది గాని వాటికి నీడ లేదు, ఊట లేదు, మధ్యాహ్నం చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది.

పోయినేడు మా రేవులో చేపపిల్లలు వదిలారు. ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చారు, ఒక్కో పిల్ల చిటికెనవేలిలో సగం కూడా లేదు. సంచి మూతి విప్పి అలాగే ఒంపేశారు. చాలా పిల్లలు పక్కకి ఒరిగి తెల్లటి పొట్ట కనపడేలా తేలాయి, కొన్ని తిరగబడి ఈదుకుంటూ పోయాయి. ఫొటోలు దిగి వెళ్లిపోయారు. పొద్దు గూకేసరికి దోమతెర వలలతో పక్క ఊరి పిల్లలు దిగారు. నేను వెళ్లి వద్దంటే, సర్కారు చేపలే కదా అన్నా, నీకేం నష్టం అన్నాడొకడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట ఒక ఆఫీసుకి వెళ్తే చేపపిల్లలయితే మా పని, ఏరు మా పని కాదన్నారు. రెండో చోట ఏటిలో లోతు చెయ్యడానికి మా దగ్గర పద్దు లేదు, గట్టు తెగితే రండి అన్నారు. మూడో చోట నా అర్జీ తీసుకున్నారు, ముద్ర వేశారు, అంతే.

నా ప్రశ్న ఇదీ. మడుగుని తిరిగి లోతు చేసి, ఒడ్డుకి చెట్లు పెట్టి, రెండు మూడేళ్లు కాపలా కాసుకోవాలంటే ఏ స్కీము కింద, ఎవరిని అడగాలి? అసలు నదిని, చేప ఉండే చోటుని బాగుచెయ్యడానికి మన దగ్గర ప్రభుత్వ డబ్బు ఉందా లేదా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాత ఏఈ:

బాబూ, నేను ఇరిగేషన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను, విజయనగరంలో ఉంటున్నాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. డబ్బు ఉంది, కాని నువ్వు అడిగిన పేరుతో లేదు, చిక్కంతా అక్కడే.

ఏరు నీకు ఒకటే. కాయితాల్లో అది ముక్కలు. నీరు జలవనరుల శాఖది, ఇసుక గనుల శాఖది, చేప మత్స్యశాఖది, అందులో కలిసే మురుగు పంచాయతీదో మునిసిపాలిటీదో, ఆ మురుగు వల్ల నీరు పాడైతే కాలుష్య నియంత్రణ మండలిది. "ఏరు బాగుచెయ్యండి" అని అర్జీ పెడితే ఏ బల్ల మీద పెట్టినా అది పక్క బల్లకే పోతుంది. ముక్కని బట్టి అడగాలి.

మొదట డబ్బు అక్కర్లేని పని చెప్తాను, ఎందుకంటే నీ మడుగుకి అదే ప్రాణం. ఇసుక తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు జిల్లా సర్వే రిపోర్టు అని ఒకటి తయారు చెయ్యాలి. ఏ రేవులో ఎంత ఇసుక ఉంది, వరదకి ఎంత తిరిగి చేరుతుంది, ఎక్కడ తియ్యకూడదు అన్నది అందులో ఉండాలి. 2016 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఆ ముసాయిదాని కలెక్టరేట్‌లో పెట్టాలి, జిల్లా వెబ్‌సైట్‌లో 21 రోజులు ఉంచాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అయిదేళ్లకోసారి దాన్ని మార్చాలి కూడా. మీ సొసైటీ లెటర్‌హెడ్ మీద, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా చేపలు వేసవిలో నిలిచే మడుగు, ఇక్కడ తవ్వకం వద్దు అని రాసి ఇవ్వండి. ఇది జరక్కుండా నువ్వు కోటి రూపాయలు తెచ్చి మడుగు తవ్వించినా వచ్చే ఏడు వరదకి మళ్లీ ఒడ్డు జారుతుంది. ఎగువ దిగువల్లో అడుగు మట్టం కిందికి పోతుంటే మధ్యలో మడుగు నిలవదు, ఇది నా సర్వీసులో కళ్లారా చూసిన సంగతి.

ఇక డబ్బు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో 20,050 కోట్ల అంచనాతో మొదలైంది. అందులో రాష్ట్రాల ద్వారా జరిగే పనులకి మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతు పెట్టుకోవాలి. నదుల్లో దేశవాళీ చేపపిల్లలు వదలడానికి రివర్ రాంచింగ్ అని దాంట్లో ఒక పద్దు ఉంది. జిల్లా ప్లాను తయారుచేసే కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. నువ్వు ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు ఆ కమిటీ పేరు మీదే అర్జీ పెట్టు.

మీ ఊరి మురుగు ఏటిలోకే పోతుందా? పోతుంటే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికి, వాననీటి నిల్వకి మాత్రమే వాడాలని కట్టడి పెట్టారు. కాలువ చివర ఇంకుడు గుంతో, నీరు తేరుకునే చిన్న చెరువో గ్రామసభలో తీర్మానం చేయించి అలాంటి పద్దులో అడగొచ్చు.

ఇంకొకటి గుర్తు పెట్టుకో. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాల్ని గుర్తించింది. మన రాష్ట్రంలో అయిదు, తోటపల్లి దగ్గరి నాగావళి వాటిలో ఒకటి. ఆ జాబితా ఆధారంగానే జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రతి రాష్ట్రాన్నీ నదుల పునరుద్ధరణకి కమిటీ వెయ్యమని, ప్రణాళిక రాయమని ఆదేశించింది. నాగావళికి రాసిన ప్రణాళిక కాపీ సమాచార హక్కు కింద అడుగు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో చేప అన్న మాట ఎక్కడుందో వెతుకు.

చివరి ఆయకట్టు:

ఏటిఒడ్డు తమ్ముడూ, నీ బాధ అర్థమైంది, కాని రైతు వైపు నుంచి ఒక మాట. మాది కాలవ చివరన ఉన్న భూమి. ఆగస్టులో కూడా మాకు ఒక్కో తడికి కొట్లాట. ఇప్పుడు చేపల కోసం ఏటిలో నీరు వదలాలి, గేట్లు ఎత్తాలి అంటే ముందుగా ఎండేది మా మడే. ప్రభుత్వ డబ్బు ఉంటే ముందు కాలవల పూడిక తియ్యాలి, తూములు బాగుచెయ్యాలి, చేపలకి ఆ తర్వాత చూడొచ్చు కదా. ఇది తప్పని ఎవరైనా చెప్తే వింటాను.

పాత ఏఈ:

చివరి ఆయకట్టు గారూ, తప్పు కాదు, మీ మాట న్యాయమే. అయితే చేపకి నీరు కావలసిన కాలం, మీకు నీరు తక్కువయ్యే కాలం ఒకటి కాదు. చేప ఎదురెక్కేది జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు దాకా వచ్చే మొదటి వరదలకి. ఆ వరద రోజుల్లో ఆనకట్ట మీంచి ఎలాగూ నీరు పొర్లి సముద్రంలోకే పోతుంది. ఆ పొర్లే నీటిలో కొంత, ఇసుక తూముల గుండా, ఒక పక్కన చేప ఎక్కగలిగేంత నెమ్మదిగా పోయేలా చెయ్యడం పని. మీ కాలవ షట్టరు జోలికి ఎవరూ రానక్కర్లేదు.

వేసవిలో కొంచెం నీరు ఏటిలో మిగలాలన్నది నిజమే, అది కష్టమైన బేరం. గంగకి 2018 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, ఎగువ గంగలో నీరు తగ్గే నెలల్లో కూడా వచ్చే నీటిలో 20 నుంచి 25 శాతం నదిలో వదలాలని. మన వంశధారకి, నాగావళికి అలాంటిది లేదు. నేను అడిగేది అంత కూడా కాదు, మడుగుల్లో ఊట ఆగకుండా ఉంటే చాలు. ఆ ఊటే మీ ఊరి తాగునీటి బావికీ ఊట.

ఇంకో మాట, ఆనకట్టలు కట్టినప్పుడు చేప సంగతి మా వాళ్లెవరికీ గుర్తు రాలేదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, పులస ఎగువకి పోయే దారి అప్పటితో చాలావరకు మూసుకుపోయింది. ఇప్పుడు పోలవరం స్పిల్‌వేలో చేప ఎక్కే మెట్లు డిజైన్‌లోనే పెట్టారు. అంటే పద్ధతి మారింది. నారాయణపురం ఆనకట్ట ఆధునికీకరణకి జపాన్ వాళ్ల జైకా రుణం వచ్చింది. ఇలాంటి పనుల అంచనా రాసేటప్పుడే చేపదారి ఒక ఐటెమ్‌గా చేర్పించాలి. కాంక్రీటు పోశాక అడిగితే ఎవరూ పగలగొట్టరు.

సీడు ఫారం మనిషి:

నేను చేపపిల్లల ఫారాల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఏటిఒడ్డు గారు చెప్పిన సంచుల సంగతి చదివి మనసు పాడైంది, ఎందుకంటే అది తెలియక చేసిన తప్పు, తెలిసినవాడు ఒక్కడు రేవులో ఉంటే జరిగేది కాదు.

సంచిని మూతి కట్టి ఉండగానే ఏటి నీటిలో పావుగంట, ఇరవై నిమిషాలు తేలనివ్వాలి. తర్వాత మూతి విప్పి ఏటి నీరు కొంచెం కొంచెంగా లోపలికి పోస్తూ, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదేలా సంచిని వంచాలి. చల్లటి పూట వదలాలి. చిటికెనవేలిలో సగం పిల్లని పారే ఏటిలో వదిలితే జెల్లకీ కొంగకీ మేతే. రివర్ రాంచింగ్‌లో వదిలే పిల్ల 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే మన చూపుడువేలంత. పైగా ఆ నదిలో పట్టిన తల్లి చేపల పిల్లలై ఉండాలి. ఈసారి సీడు వస్తే సొసైటీ తరఫున ఇద్దరు నిలబడి కొలిచి, తక్కువుంటే సంతకం పెట్టబోమని చెప్పండి, ఆ హక్కు మీకుంది.

కాని నిజం చెప్పాలంటే సీడు మీద నాకు పెద్ద ఆశ లేదు. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలితే ఒక సీజను వలలో పడతాయి, అది మంచిదే. వాలుగ, మలుగు, నీలకంఠ రొయ్య సీడుతో తిరిగి రావు, దారి ఉంటే వస్తాయి. మలుగు ఏటిలో పెరిగి గుడ్లకి సముద్రానికి పోతుంది. నీలకంఠ తల్లి రొయ్య పొట్ట కింద గుడ్లు పెట్టుకుని కళ్లేపల్లి వైపు, ఉప్పునీరు మంచినీరు కలిసే చోటికి దిగుతుంది, పిల్లలు అక్కడే పెరిగి, కాస్త రూపు వచ్చాక మళ్లీ ఏరెక్కుతాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో మూసుకుపోతే ఒక చావు, ఆనకట్ట దగ్గర ఇంకో చావు. నేను ఒకసారి వానాకాలం రాత్రి ఒక ఆనకట్ట దగ్గర టార్చి వేసి చూశాను. నీరు జాలువారే గోడ పక్కన, పాచి పట్టిన తడి రాయి మీద అగ్గిపుల్లంత రొయ్య పిల్లలు వందలు, నీటిలో కాదు, రాయిని పట్టుకుని పైకి పాకుతున్నాయి. నున్నటి కాంక్రీటు దగ్గరికి వచ్చేసరికి జారి పడుతున్నాయి, మళ్లీ మొదటి నుంచి పాకుతున్నాయి. వాటికి కోట్ల ప్రాజెక్టు అక్కర్లేదు. ఒక మూల గరుకు రాళ్లు పేర్చిన వాలు, దాని మీద ఎప్పుడూ తడి ఉండేలా సన్నటి జాలు, అంతే. ఏఈ గారు అన్నట్టు రిపేరు ఎస్టిమేటులో ఆ మూల ఒకటి రాయించండి.

ఇక వేటవిరామం. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, దానికి భృతి ఉంది, 2025 ఏప్రిల్‌లో మన బుడగట్లపాలెంలోనే దాన్ని 20,000 రూపాయలు చేశారు. ఏటిలో వల వేసేవాడికి ఆ భృతి లేదు. గుడ్ల చేప ఎదురెక్కే నెలన్నర వల ఆపమంటే వాడు ఏం తినాలి? మత్స్య సంపద యోజనలోనే విరామ కాలానికి సాయం ఉంది, మూడు నెలలకి ప్రభుత్వం 3,000 ఇస్తుంది, మత్స్యకారుడు 1,500 వేసుకుంటాడు. చిన్న మొత్తమే, కాని నదుల్లో, చెరువుల్లో పట్టే మత్స్యకారులు కూడా దానికి అర్హులు. మీ ఊరి పాత కట్టుబాటుని ఈ నెలన్నరకి వర్తించేలా తిరిగి నిలబెడతాం, దానికి బదులు మాకు ఈ భృతి ఇప్పించండి అని అడగండి. అడగడంలో బలం వస్తుంది.

బ్లీచింగ్ వేసి, మందు పేల్చి పట్టేవాళ్ల మీద 1897 నాటి చట్టమే ఉంది, కొత్తది అక్కర్లేదు.

గెడ్డ పక్క ఇల్లు:

నేను విజయనగరం జిల్లా నుంచి, చంపావతిలో కలిసే ఒక గెడ్డ పక్కన మా ఊరు. సంతలో ఎండుచేపలు, దొరికినప్పుడు పచ్చిచేపలు అమ్ముతాను, మా సంఘానికి లీడర్ని. తమ్ముడు లోతు చెయ్యడం గురించి అడిగాడు కాబట్టి మేం చేసిన పొరపాటు చెప్తాను, మీరు చెయ్యకండి.

ఉపాధి పనిలో మా గెడ్డ పూడిక తీశాం. నేను కూడా తట్ట మోశాను. కొలత మట్టికే, ఎన్ని ఘనపు మీటర్లు తీస్తే అంత కూలి. అందుకని వంపులు కూడా చెక్కేసి తిన్నగా కాలవలాగా తవ్వాం. ఒడ్డున ఏరుమద్ది వేళ్లు నీళ్లలోకి దిగి ఉండేవి, అడ్డమని నరికాం. మొగలి పొదలు పీకాం. నీళ్లలో పడి ఉన్న పాత మానులు బయటికి లాగి పొయ్యిలో పెట్టుకున్నాం. పని అయ్యాక చూస్తే గెడ్డ దువ్విన తలలాగా నీటుగా ఉంది, అందరం మెచ్చుకున్నాం.

తర్వాతి వానకి నీరు ఒక్క ఊపున వచ్చి ఒక్క ఊపున పోయింది. ఇదివరకు నాలుగు రోజులు నిలిచేది ఒక్క పూటలో దిగిపోయింది. రెండు చోట్ల ఒడ్డు కోసుకుని మా చెల్లెలి పొలంలో పది సెంట్లు పోయింది. మార్పు చేపలు, కొర్రమీనులు ఆ వేళ్ల సందుల్లోనే ఉండేవని మాకు తెలియనిది కాదు, చిన్నప్పుడు చెయ్యి పెట్టి పట్టుకున్నవాళ్లమే. కూలి లెక్కలో పడి మరిచిపోయాం. ఆ ఏడు చేపలు పట్టే ఊతలు పెడితే పరిగెలు కూడా సరిగా పడలేదు.

మరుసటేడు గ్రామసభలో ఆడవాళ్లమంతా లేచి చెప్పాం, మట్టి కొలతే కాదు, ఒడ్డుకి మొక్కలు నాటడం, వాటికి రెండేళ్లు నీళ్లు పొయ్యడం కూడా పనిగా రాయండి అని. రాశారు. కానుగ, ఏరుమద్ది, మొగలి పెట్టాం. వంపు దగ్గర రెండు గుంతలు మాత్రం లోతు చేసి మిగతాది కదపలేదు. ఇప్పుడు కానుగలు నా భుజం దాకా వచ్చాయి. పోయిన తొలకరికి మార్పు చేపలు కనపడ్డాయి, ఎక్కువ కాదు, ఒక రోజు మా మనవడు తెచ్చిన సత్తు గిన్నెలో మూడు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

కాబట్టి మడుగు లోతు చెయ్యండి గాని అంచులు నున్నగా చెయ్యకండి. పొక్లెయిన్ డ్రైవరుకి ఇది చెప్పి పక్కన నిలబడాలి, లేకపోతే వాడు అందంగా చెక్కేస్తాడు.

సియాటిల్‌లో సిక్కోలు:

గెడ్డ పక్క ఇల్లు అక్కా, మీరు రాసింది చదివి నేను ఉలిక్కిపడ్డాను. నేను ఆమదాలవలస వైపు నుంచి, పదమూడేళ్లుగా వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటున్నాను. ఇక్కడ ఏళ్ల కిందట ప్రభుత్వమే సాల్మన్ చేపలకి అడ్డమని చెప్పి నదుల్లో పడిన పెద్ద పెద్ద మానులన్నీ లాగించేసింది. తర్వాత తెలిసింది ఆ మానుల వెనకే లోతు పడుతుంది, పిల్ల చేప అక్కడే దాక్కుంటుంది అని. ఇప్పుడు అదే ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టి వేళ్లతో సహా చెట్లు తెచ్చి ఏటిలో పాతిస్తోంది. నేను వారాంతాల్లో మొక్కలు నాటడానికి వెళ్తుంటాను, కళ్లతో చూశాను. మీరు ఒక్క ఏడాదిలో తెలుసుకున్నారు.

ఇక్కడి డబ్బు ఎలా నడుస్తుందో చెప్తాను, ఏటిఒడ్డు అన్నకి పనికి రావచ్చు. 1999లో ఈ రాష్ట్ర శాసనసభ సాల్మన్ రికవరీ ఫండింగ్ బోర్డు అని ఒకటి పెట్టింది. ఫెడరల్ ప్రభుత్వం 2000 నుంచి ఇచ్చే సాల్మన్ నిధి, రాష్ట్రం వేసే డబ్బు రెండూ దాని ద్వారా పోతాయి. పని ఏది ముందు, ఏది వెనక అన్నది రాజధానిలో తేల్చరు. ఒక్కో నదీ ప్రాంతానికి స్థానిక కమిటీ ఉంటుంది, అందులో ఊరివాళ్లు, ఇక్కడి ఆదివాసీ తెగలవాళ్లు, రైతులు ఉంటారు, వాళ్లు వరస పెడతారు, నిపుణులు లోపాలు చూస్తారు. అడిగినవాళ్లు మామూలుగా 15 శాతం తమ వాటా చూపించాలి, అది శ్రమ రూపంలో, సామాను రూపంలో అయినా ఒప్పుకుంటారు. ఈ వాటా వల్లే పని అయ్యాక కూడా జనం దాన్ని వదలరు.

పెద్ద పని అంటే ఎల్వా నది. 1913లో ఒకటి, 1927లో ఒకటి డ్యాములు కట్టారు, చేపకి దారి లేకుండా. అక్కడి లోయర్ ఎల్వా క్లాలమ్ తెగవాళ్లు తరాలపాటు పోరాడారు. 1992లో చట్టం వచ్చింది, 2011లో కూల్చడం మొదలుపెట్టి 2014కి పూర్తి చేశారు. మొత్తం నదిని బాగుచెయ్యడానికి దాదాపు 32 కోట్ల 50 లక్షల డాలర్లు అయింది. చట్టం నుంచి కూల్చివేత దాకానే దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది చూడండి. కూల్చాక కూడా చేపలు తిరిగి కుదురుకోవాలని ఆ తెగవాళ్లు తమ వేటని తామే ఆపుకున్నారు.

నేను వంశధార మీది మన గొట్టా బ్యారేజీని కూల్చమనడం లేదు, ఆ నీళ్ల మీద మా మావయ్య వాళ్ల పొలం కూడా ఉంది. ఇక్కడ నాకు బాగా నచ్చింది చిన్న పని. రోడ్డు కింద కల్వర్టు గొట్టం ఏటి మట్టం కంటే ఎత్తులో ఉంటే చేప ఎక్కలేదు. అలాంటివి సరిచెయ్యాలని తెగలు కోర్టుకి వెళ్లాయి, 2018లో సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచాయి, వందల కల్వర్టులు మారుస్తున్నారు. మన పల్లె రోడ్ల కింద గెడ్డల మీద వేసే గొట్టాలు కూడా చాలా చోట్ల జానెడు పైకి వేలాడుతుంటాయి. రోడ్డు డబ్బుతోనే, గొట్టం ఒక అడుగు కిందికి దింపి వేస్తే అది చేపకి చేసిన పనే.

చివరి ఆయకట్టు:

అక్క రాసిన గెడ్డ సంగతి చదివాక ఒకటి ఒప్పుకోవాలి. మా పొలం గట్టున కూడా ఒక గొట్టం అలాగే వేలాడుతోంది. చిన్నప్పుడు తొలకరికి మడిలో పరిగెలు ఎగిరేవి, మా అమ్మ కొంగులో పట్టేది, ఇప్పుడు లేవు, మందుల వల్లే అనుకున్నాను, మందులు కూడా కారణమే అనుకోండి. గేట్ల సంగతిలో ఏఈ గారు చెప్పినట్టు వరద రోజులకే అయితే నాకు అభ్యంతరం లేదు. నీటి సంఘంలో మాట్లాడతాను, ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను.

ఏటిఒడ్డు:

ఇంత మంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. రాత్రి మా సొసైటీవాళ్లకి అన్నీ చదివి వినిపించాను. రొయ్య పిల్లలు రాయి మీద పాకడం గురించి చదివినప్పుడు మా నాన్న ఆపమని, అది నిజమే, మా కాలంలో గంపతో ఎత్తేవాళ్లం, తప్పు చేశాం అన్నారు.

పెద్ద ప్రాజెక్టు అర్జీ చింపేశాను. ముందు ఇసుక తవ్వకం మీద అభ్యంతరం రాస్తున్నాం, ముసాయిదా ఎప్పుడు పెడతారో కలెక్టరేట్‌లో కనుక్కుంటాను, ఈలోగా ఇప్పుడున్న రిపోర్టు కాపీ అడుగుతాను. జిల్లా కమిటీకి ఇచ్చే అర్జీలో సీడు సైజు, విరామ భృతి రెండూ పెడతాం, దాంతో పాటే ఊరి కట్టుబాటుని తీర్మానంగా రాసి అందరి సంతకాలూ జతచేస్తాం. నలుగురు ఇప్పుడే వద్దన్నారు, నెలన్నర వల ఆపితే అప్పు వాయిదా ఎలా కట్టాలి అన్నారు. వాళ్లని తప్పు పట్టలేను, భృతి సంగతి తేలేదాకా వాళ్ల సంతకం అడగను. మడుగు తవ్వకం మాత్రం ఈ ఏడు అడగడం లేదు, ఇసుక ఆగాక చూస్తాం. ఒడ్డుకి మొక్కలు ఉపాధి పనిలో అక్క చెప్పినట్టే రాయించమని అడుగుతాం.

ఆదివారం పొద్దున్నే మా నాన్నని ఏటిలోకి తీసుకెళ్తున్నాను. ఆయనకి 74 ఏళ్లు, మడుగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో ఆయనకే తెలుసు. ఆయన చూపించిన చోటల్లా వెదురు కర్రలు పాతి, ఫోనులో లొకేషన్ పెట్టుకుని, సర్వే నంబర్లతో సరిచూసుకుంటాం. పాత ఏఈ గారూ, ఆ మ్యాపు ఆఫీసులో ఇచ్చే ముందు మీరొకసారి చూస్తే బాగుంటుంది. మీరు రాగలిగితే చెప్పండి, బస్సు దిగే చోట నేనుంటాను.

పాత ఏఈ:

వస్తాను బాబూ. పాత టోపోషీటు, అదే సర్వే పటం, కూడా తెస్తాను, అందులో ఆ మలుపు దగ్గర నీరు గుర్తు పెట్టి ఉండాలి. కర్రలు పొడుగువి పాతించు, వరద వచ్చినా పై కొస కనపడేలా.